సోల్డరింగ్ స్టేషన్, పొగ ఫ్యాను: ఇంటి బల్లకు కొనేవాళ్ల అపోహలు - వాస్తవాలు

ఇంట్లో పెట్టుకోవడానికి ఏ సోల్డరింగ్ స్టేషన్ కొనాలని అడిగేవాళ్లు మొదట వాట్లు అడుగుతారు, తర్వాత డిస్‌ప్లే ఉందా అని అడుగుతారు. అంతా అయిపోయాక, ఫోన్ పెట్టేసే ముందు, "అవునూ, ఆ పొగ లాగే ఫ్యాను కూడా కొనాలా?" అంటారు. బోర్డులు రిపేరు చేయడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ అంతే. ఊపిరి బిగబట్టి జాయింట్ (కరిగించిన సోల్డర్ లోహంతో వేసే అతుకు) వేయడం, పక్కకు తిరిగి వదలడం, అదే నా పొగ ఏర్పాటు. సాయంత్రానికి గొంతులో గరగర, ముక్కు దిబ్బడ. దుమ్ము పడలేదనుకునేవాణ్ణి.

ఇప్పుడు నా లెక్కలో ఐరన్ (స్టేషన్‌కు ఉండే, సోల్డర్ కరిగించే వేడి కడ్డీ), పొగ ఫ్యాను రెండు వేర్వేరు వస్తువులు కావు. వేడిని జాయింట్‌కు సరిగా అందించలేని ఐరన్ కొంటే ఉష్ణోగ్రత పెంచుతాం. పెంచితే ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకోవడానికి వాడే పదార్థం) మాడుతుంది, పొగ రెట్టింపవుతుంది. ఆ పొగను లాగడానికి మళ్లీ పెద్ద ఫ్యాను కావాలి. నేను రోజూ వినే అపోహల్లో చాలా వరకు ఈ ముడి తెలియకపోవడం వల్లే వస్తాయి.

అపోహ: ఆ తెల్ల పొగ సీసం ఆవిరి.

కాదు. 63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్న మామూలు సోల్డర్ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మన టిప్, అంటే ఐరన్ ముందుండే వేడి మొన, 350 దగ్గర ఉంటుంది. సీసం మరగాలంటే 1,749 డిగ్రీలు కావాలి. కాబట్టి ఐరన్ వేడికి గాల్లో కలిసే సీసం లెక్కలోకి రానంత తక్కువ.

మరి ఆ పొగ ఏమిటంటే, సోల్డర్ తీగ మధ్యలో ఉండే ఫ్లక్స్. అందులో ఎక్కువగా వాడేది రోజిన్, అంటే పైన్ చెట్ల జిగురు నుంచి తీసిన పదార్థం. వేడికి అది అబియెటిక్ ఆమ్లం లాంటి రెసిన్ ఆమ్లాలుగా, ఆల్డిహైడ్లుగా, మైక్రాన్ కంటే సన్నని కణాలుగా లేస్తుంది. "చెట్టు జిగురే కదా, సహజమైనదే కదా" అనేవాళ్లున్నారు. రోజిన్ ఫ్లక్స్ పొగ పని వల్ల వచ్చే ఆస్తమాకు ముఖ్య కారణాల్లో ఒకటని బ్రిటన్‌లో పని ప్రదేశాల ఆరోగ్యం, భద్రత చూసే ప్రభుత్వ సంస్థ చాలాకాలంగా హెచ్చరిస్తోంది. అక్కడ ఎనిమిది గంటల పనికి సగటున ఘనపు మీటరు గాలిలో ఈ పొగ 0.05 మిల్లీగ్రాములు మించకూడదని పరిమితి కూడా ఉంది. ఇందులో భయపెట్టే సంగతి ఏమిటంటే, ఒంటికి ఒకసారి ఇది పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొద్దిపాటి పొగకు కూడా ఉబ్బసం వచ్చేస్తుంది. ఏళ్ల తరబడి ఏమీ కాలేదు కాబట్టి ఇకముందు కూడా కాదనుకోవడానికి లేదు.

అలాగని సీసాన్ని వదిలేయొద్దు. అది చేతుల ద్వారా నోట్లోకి వెళ్తుంది. సోల్డర్ తీగ పట్టుకున్న వేళ్లకు అంటుకునే బూడిదరంగు మరక, టిప్ తుడిచే ఇత్తడి పీచులో రాలే చిన్న ఉండలు, కరిగిన సోల్డర్‌ను పీల్చే డీసోల్డరింగ్ పంపు విప్పినప్పుడు పడే పొడి, ఇవీ దాని దారులు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగండి. ఆ బల్ల మీద ఏమీ తినొద్దు, తాగొద్దు.

అపోహ: లెడ్-ఫ్రీ (సీసం లేని) సోల్డర్ వైరు వాడితే పొగతో ఇబ్బంది లేదు.

నిజానికి తిరగబడుతుంది. తగరం, వెండి, రాగి కలిపిన శాక్305 అనే మిశ్రమం 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. వెండి లేని తగరం-రాగి రకానికి 227 కావాలి. టిప్‌ను ఇరవై, ముప్పై డిగ్రీలు ఎక్కువలో పెట్టాలి. పైగా ఇవి ప్యాడ్ (బోర్డు మీద సోల్డర్ వేసే రాగి బిళ్ల) మీద తేలిగ్గా పాకవు కాబట్టి ఫ్లక్స్ ఘాటుగా ఉంటుంది. వేడి పెరిగి, ఫ్లక్స్ ఘాటు కూడా పెరిగాక పొగ ఎందుకు తగ్గుతుంది?

సోల్డర్ మీద రాసిన "నో-క్లీన్" అన్న మాట చూసి మోసపోయేవాళ్లు కూడా ఉన్నారు. బోర్డు మీద మిగిలే మడ్డిని కడగక్కర్లేదనే దానర్థం. మీ ఊపిరితిత్తుల గురించి అది ఏమీ చెప్పడం లేదు.

అపోహ: వాట్లు ఎక్కువున్నదే మంచి ఐరన్.

ఇక్కడ కాస్త ఆగుదాం. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

పాత 936 అనే మోడల్ తరహా స్టేషన్లలో పింగాణీ హీటర్ కడ్డీ ఒకటి ఉంటుంది, దాని మీద టిప్‌ను తొడుగులా వేస్తారు. రెండింటి మధ్య సన్నని గాలి సందు మిగులుతుంది. ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ఉండేది హీటర్ దగ్గర, టిప్ కొసలో కాదు. టిప్ వేడిని లాగేసే ఒక పెద్ద గ్రౌండ్ ప్యాడ్‌ను తాకగానే కొస చల్లబడుతుంది. ఆ కబురు సెన్సర్‌కు ఆలస్యంగా అందుతుంది, హీటర్ పంపిన వేడి మళ్లీ ఆ సందు దాటి రావాలి. ఈలోగా సోల్డర్ ముద్దగా మారి డ్రై జాయింట్ (సరిగా అంటుకోని అతుకు) అవుతుంది. మనం ఏం చేస్తాం? బటన్ నొక్కి 420కి తీసుకెళ్తాం.

టీ12, సీ245 అనే మోడళ్ల లాంటి కార్ట్రిడ్జ్ టిప్‌లలో హీటర్, సెన్సర్, టిప్ అన్నీ ఒకే ముక్క. సెన్సర్ కొసకు దగ్గరగా ఉంటుంది కాబట్టి టిప్ చల్లబడిన మరుక్షణం తెలుస్తుంది, వేడి వెంటనే వస్తుంది. టీ12 హీటర్ నిరోధం దాదాపు 8 ఓమ్‌లు. 24 వోల్టులు ఇస్తే 72 వాట్లు వస్తాయి. అదే టిప్‌కు 12 వోల్టుల అడాప్టర్ తగిలిస్తే 18 వాట్లే. అందుకే పెట్టె మీద రాసిన వాట్ల కంటే లోపలి పవర్ సప్లై ఏమిటన్నది ముఖ్యం. నా అనుభవంలో పాత రకంతో 400 దగ్గర చేసే పనిని మంచి కార్ట్రిడ్జ్ ఐరన్‌తో 330-340లో చేసేయొచ్చు. ఆ అరవై డిగ్రీల తేడా పొగలో కళ్లకు కనిపిస్తుంది. టిప్ కూడా ఎక్కువ కాలం బతుకుతుంది, ఎందుకంటే లోపలి రాగిని కాపాడే ఇనుప పూత అధిక వేడికి త్వరగా పాడవుతుంది. (నల్లబడిన టిప్‌ను గరుకు కాగితంతో రుద్దేవాళ్లు ఆ పూతనే తీసేస్తున్నారు. ఆ తర్వాత రాగి సోల్డర్‌లో కరిగి టిప్‌కు గుంట పడుతుంది.)

ఇందులోనే ఇంకో చిన్న అపోహ ఉంది, సన్నని పనికి సూది టిప్ కావాలని. ఒకసారి నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు సూది టిప్‌తో కనెక్టర్ గ్రౌండ్ పిన్ మీద కుస్తీ పడుతున్నాడు. ఉష్ణోగ్రత 450. పొగ మేఘంలా లేస్తోంది, సోల్డర్ మాత్రం కరగడం లేదు. చివరికి ప్యాడ్ లేచిపోయింది. పక్క పిన్‌కు 2.4 మిల్లీమీటర్ల ఉలి టిప్ పెట్టి 350కి దించి ఇచ్చాను, రెండు సెకన్లలో కరిగింది. సూది కొస జాయింట్‌ను తాకే చోటు చాలా చిన్నది, అంత చిన్న చోట వేడి దాటదు. కొత్త స్టేషన్‌తో సూది టిప్ వస్తే పక్కన పెట్టి ముందు ఉలి టిప్ కొనండి.

అపోహ: మూడు పిన్నుల ప్లగ్ ఉంది కదా, ఎర్తింగ్ ఉన్నట్టే.

కొన్ని చవక స్టేషన్లలో ఎర్త్ తీగ పెట్టె దాకా వచ్చి ఆగిపోతుంది, హ్యాండిల్‌కు వెళ్లదు. ప్లగ్ తీసేసి మల్టీమీటర్‌తో టిప్ కొస నుంచి ప్లగ్ ఎర్త్ పిన్ వరకు చూడండి. మంచి స్టేషన్‌లో 2 ఓమ్‌ల లోపే చూపిస్తుంది. రెండు పిన్నుల అడాప్టర్‌తో నడిచే యూఎస్‌బీ-సీ ఐరన్‌లలో అడాప్టర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ వల్ల టిప్ మీద కొంత వోల్టేజీ తేలుతూ ఉంటుంది. మనిషికి చిన్నగా జివ్వుమంటుంది అంతే, కానీ మాస్‌ఫెట్ లాంటి సున్నితమైన ట్రాన్సిస్టర్ పాడవడానికి అది చాలు. అలాంటి ఐరన్‌లకు విడిగా ఎర్త్ తీగ తగిలించుకోవడం మేలు.

అపోహ: నల్ల స్పాంజి ఉన్న చిన్న ఫ్యాను గాలిని శుభ్రం చేస్తుంది.

బల్ల మీద పెట్టుకునే ఆ పెట్టె అందరికీ తెలుసు. ముందు నల్ల స్పాంజి, వెనక ఫ్యాను. ఆ స్పాంజికి పూసిన కార్బన్ కొంత వాసనను పట్టుకుంటుంది. సన్నని కణాలు మాత్రం దాని రంధ్రాల్లోంచి హాయిగా వెళ్లిపోతాయి. ఫ్యాను వెనక ముక్కు పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. అంటే పొగను ముఖం ముందు నుంచి తీసుకెళ్లి అదే గదిలో వదులుతోంది. అసలేమీ లేనిదాని కంటే నయమే. కాకపోతే ఇరుకు గదిలో మూడు గంటలు కూర్చుంటే మళ్లీ ఆ పొగనే పీలుస్తారు.

దానికంటే పెద్ద తప్పు దాన్ని పెట్టే చోటు. చాలామంది బల్ల చివర, అడుగు దూరంలో పెడతారు. కొవ్వొత్తిని మూరెడు దూరం నుంచి ఊది ఆర్పగలం. అంతే దూరం నుంచి గాలి లోపలికి పీల్చి ఆర్పమంటే? జ్వాల కదలను కూడా కదలదు. ఊదిన గాలి ఒకే దిక్కున దూసుకెళ్తుంది, పీల్చే గాలి నలువైపుల నుంచీ వస్తుంది. అందుకే గొట్టం మూతి వ్యాసమంత దూరం వెళ్లేసరికి గాలి వేగంలో పదో వంతు కూడా మిగలదు.

లెక్క కావాలంటే ఇదిగో. 100 మిల్లీమీటర్ల గొట్టం మూతిని జాయింట్‌కు 15 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, అక్కడ సెకనుకు అర మీటరు వేగం కావాలనుకుంటే గంటకు సుమారు 420 ఘనపు మీటర్ల గాలి లాగాలి. అదే మూతిని ఏడున్నర సెంటీమీటర్లకు జరిపితే సుమారు 115 సరిపోతాయి. ఫ్యాను మార్చలేదు, పైసా ఖర్చు పెట్టలేదు, దగ్గరికి జరిపామంతే. కాబట్టి ఏది కొన్నా వంచితే వంగి, వదిలినచోట నిలబడే గొట్టం ఉన్నదే కొనండి.

అపోహ: హెపా ఫిల్టర్ ఉంటే ఇంకేం అక్కర్లేదు.

హెపా, అంటే చాలా సన్నని అల్లికున్న ఫిల్టర్, కణాలను పట్టుకుంటుంది. హెచ్13 తరగతి అయితే, వదిలిపోవడానికి ఎక్కువ వీలున్న సైజు కణాల్లో కూడా 99.95 శాతాన్ని ఆపుతుంది. ఆల్డిహైడ్ల లాంటి వాయువులు మాత్రం దాన్ని దాటిపోతాయి. వాటికి కార్బన్ కావాలి, అదీ పలచని స్పాంజి కాదు, గుళికలు నింపిన మందమైన పొర. వరసలో ముందు దుమ్ము ఫిల్టర్, తర్వాత హెపా, చివర కార్బన్. ఎన్95 మాస్క్‌ది కూడా ఇదే కథ. కణాలకు పనికొస్తుంది, వాయువులకు కాదు.

సొంతంగా చేసుకునేవాళ్లు కంప్యూటర్ ఫ్యాను ముందు హెపా బిగించి గాలి రావడం లేదని వాపోతుంటారు. ఆ ఫ్యాను అడ్డు లేని చోట గాలిని తిప్పడానికి చేసింది. హెపా లాంటి గోడలోంచి లాగే బలం దానికి లేదు, బ్లోయర్ రకం మోటారు కావాలి. ఇంకో మాట: హెపాను నీళ్లతో కడగొద్దు, కార్బన్‌ను ఎండలో పెడితే కొత్తది కాదు. కార్బన్ నిండిపోతే కంటికి తెలియదు, ముక్కుకే తెలుస్తుంది.

అపోహ: కిటికీ తెరిస్తే చాలు.

గాలి మీ వీపు వైపు నుంచి వస్తే పొగ ముఖం ముందే సుడి తిరుగుతుంది. కిటికీ పక్కనే బల్ల ఉంటే మాత్రం ఫిల్టర్ల గొడవే లేకుండా గొట్టంతో పొగను బయటికి పంపేయడం నా దృష్టిలో అన్నిటికంటే మంచి పద్ధతి. డక్ట్ ఫ్యాను, పొట్టి గొట్టం, వీలైనన్ని తక్కువ వంపులు. లోపల జిడ్డు పేరుకుంటుంది కాబట్టి అప్పుడప్పుడూ విప్పి తుడవాలి. బయటికి పోయినంత గాలి లోపలికి రావడానికి ఎక్కడో ఒక తలుపు ఓరగా తెరిచి ఉండాలి. అదే ఇంట్లో గ్యాస్‌తో నడిచే గీజర్ ఉంటే ఈ మాట మరీ ముఖ్యం, లేకపోతే ఫ్యాను దాని పొగను వెనక్కి ఇంట్లోకి లాగుతుంది.

కొనే ముందు చప్పుడు కూడా వినండి. హోరుమనే ఫ్యానును ఎవరూ గంటసేపు భరించరు, పది నిమిషాలకే ఆపేస్తారు.

ఇంటికి తెచ్చాక ఒక చిన్న పరీక్ష చేయండి. గదిలో ఫ్యాన్లు ఆపి, పక్క నుంచి టేబుల్ ల్యాంప్ వెలుగు పడేలా పెట్టి, వేడి టిప్‌కు కాస్త రోజిన్ తాకించండి. పొగ నిలువుగా మీ ముక్కు వైపే లేస్తుంది. గొట్టం మూతిని కొద్దికొద్దిగా దగ్గరికి జరుపుతూ పోతే ఒకచోట ఆ పొగ ఠక్కున వంగి లోపలికి వెళ్తుంది. అక్కడ బల్ల మీద టేపు ముక్క అంటించండి. నా బల్ల మీది టేపు చిరిగి రెండుసార్లు మార్చాను, చోటు మాత్రం అదే.