డే-నైట్ సెన్సర్లు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు కొత్తగా ఇల్లు కట్టుకునేవారు గేటు లైటుకు డే-నైట్ సెన్సర్ పెట్టమని అడగడం ఇప్పుడు మామూలైపోయింది. పొద్దు గూకితే దీపం తనంతట తానే వెలగాలి, తెల్లవారితే ఆరిపోవాలి. ఎలక్ట్రీషియన్‌గా వాటిని బిగించేదీ నేనే, పాడైందని కబురు వస్తే వెళ్లి చూసేదీ నేనే. పాడైందన్న సెన్సర్లలో చాలావాటికి ఏ లోపమూ ఉండదు. వాటిని పెట్టిన చోటే సరైనది కాదు.

అపోహ: రాత్రంతా లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది, సెన్సర్ పోయింది.

పోలేదు. పైనున్న పారదర్శక మూతలోంచి చూస్తే వంకరటింకర గీతలున్న చిన్న బిళ్ల కనిపిస్తుంది. కాడ్మియం సల్ఫైడుతో చేసిన ఆ బిళ్లే సెన్సర్‌కు కన్ను. వెలుతురు పడితే దాని నిరోధం (కరెంటును అడ్డుకునే గుణం) బాగా తగ్గిపోతుంది, చీకట్లో లక్షల ఓముల దాకా పెరుగుతుంది. ఆ తేడాను బట్టి లోపలి రిలే, అంటే కరెంటుతో నడిచే చిన్న స్విచ్, దీపాన్ని కలుపుతుంది, విడదీస్తుంది. ఆ వెలుతురు సూర్యుడిదా, బల్బుదా అన్నది దానికి తెలియదు. బల్బు కిందనే సెన్సర్ బిగిస్తే, బల్బు వెలగగానే తెల్లవారిందనుకుని ఆర్పేస్తుంది. ఆరగానే మళ్లీ చీకటి, మళ్లీ వెలుగు. బల్బు ఎదురుగా తెల్ల సున్నం వేసిన గోడ ఉన్నా ఇదే తంతు.

అందుకే సెన్సర్‌ను బల్బు వెలుగు తగలని చోట, పిట్టగోడకు అవతలి వైపో దీపానికి పైనో పెట్టాలి. కన్ను ఉత్తరం వైపు తిరిగి, ఎదురుగా ఆకాశం కనిపిస్తే మంచిది. పడమటికి తిప్పితే సాయంత్రపు ఎండ నేరుగా పడి దీపం ఆలస్యంగా వెలుగుతుంది. లోతైన సజ్జ కిందో, గుబురు వేపచెట్టు నీడలోనో పెడితే ఇంకా పొద్దు ఉండగానే వెలిగి కూర్చుంటుంది.

అపోహ: వేలు అడ్డం పెట్టి చూశాను, వెలగలేదు. పనిచేయడం లేదు.

దారిన పోయే బండి లైటుకో, మెరుపుకో స్పందించకుండా చాలా సెన్సర్లలో కొంత ఆలస్యం పెట్టి ఉంచుతారు. పైగా వేళ్ల సందుల్లోంచి వెలుతురు పోతూనే ఉంటుంది. నల్లటి టేపు నిండా అంటించి ఒక నిమిషం ఆగండి. కరెంటు పోయి వచ్చినప్పుడు పట్టపగలే కొన్ని క్షణాలు వెలిగి ఆరడం కూడా చాలా రకాల్లో సహజమే.

అపోహ: టైమర్ ఉంటే సెన్సర్ అక్కర్లేదు.

మన ప్రాంతంలో నవంబరు చివర సాయంత్రం 5:40 ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. జూలై మొదట్లో 6:50 ప్రాంతంలో. గంటకు పైగా తేడా. మామూలు టైమర్‌ను ఏడాదిలో ఎన్నోసార్లు సరిచేసుకుంటూ ఉండాలి. ముసురు పట్టి ముందే చీకటి కమ్మిన రోజున అది ఎలాగూ పనికిరాదు.

అపోహ: 10 ఆంపియర్లని రాసి ఉంది కాబట్టి 2,300 వాట్ల దాకా ఎల్‌ఈడీ లైట్లు కలపొచ్చు.

ఈ లెక్క పాత ఫిలమెంటు బల్బులకు సరే. ఎల్‌ఈడీకి తగ్గ కరెంటు అందించే డ్రైవర్‌లో, కరెంటు నిల్వ చేసుకునే కెపాసిటర్ ఉంటుంది. స్విచ్ కలిసిన క్షణంలో అది మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకు రిలే కాంటాక్టులు అతుక్కుపోవచ్చు. అప్పుడు లైటు పగలూ రాత్రీ ఆరదు. ఫంక్షన్ హాలులోనో, రైస్ మిల్లు ఆవరణలోనో ఫ్లడ్ లైట్లు చాలా ఉంటే, సెన్సర్ కాంటాక్టర్ (పెద్ద లోడు మోసే పెద్ద రిలే) కాయిల్‌ను మాత్రమే నడపాలి, లైట్ల లోడు కాంటాక్టర్ మోయాలి.

అపోహ: సెన్సరే కరెంటు తినేస్తుంది.

ఒక వాటు తీసుకుంటుందనుకున్నా నెలకు 0.72 యూనిట్. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు పగటి 12 గంటలు మరచిపోయి వెలిగితే నెలకు 7.2 యూనిట్లు. ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు వచ్చే ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఎండాకాలం కూలరు తిరిగే నెలలో 200 యూనిట్లు దాటించేది ఆ మరచిపోయిన దీపమే కావొచ్చు. దాటితే బిల్లు కట్టాల్సిందే.

అపోహ: పగలు లైటు ఆరి ఉంటుంది కాబట్టి హోల్డరులో కరెంటు ఉండదు, బల్బు మార్చుకోవచ్చు.

దయచేసి ఈ పని చేయకండి. సెన్సర్ ఆర్పేది దీపాన్నే. అది భద్రత కోసం పెట్టిన స్విచ్ కాదు. మీరు నిచ్చెన మీద ఉన్నప్పుడు మీ చేయో, బట్టో దాని కన్నును కాసేపు పూర్తిగా కప్పితే చాలు, హోల్డరులోకి కరెంటు వచ్చేస్తుంది. ఇంకో ప్రమాదం ఉంది. పాత ఇళ్లలో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉండటం కొత్త కాదు. అప్పుడు సెన్సర్ న్యూట్రల్‌ను తెంపుతుంది, దీపం ఆరినా హోల్డరు దాకా ఫేజు ఉంటుంది. ఆర్పిన ఎల్‌ఈడీ మసకగా మిణుకుమంటుంటే ముందు ఇదే అనుమానించండి. మూడు తీగల సెన్సర్లలో సాధారణంగా నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్, ఎరుపు బల్బుకు వెళ్లేది. అయినా రంగును నమ్మకుండా, దాని మీది బొమ్మ చూసి, టెస్టర్‌తో పరీక్షించి కలపాలి. సెన్సర్‌కు ముందు తప్పకుండా ఒక స్విచ్ ఉండాలి. బల్బు మార్చేటప్పుడు మీటరు బోర్డులోని ఎంసీబీ (ఆ లైనును ఆపే బ్రేకర్) కూడా దించండి.

అపోహ: ఒకసారి బిగిస్తే ఇక చూసే పని లేదు.

మిర్యాలగూడ మిల్లుల దగ్గర ఊక బూడిద, మట్టి రోడ్ల పక్క దుమ్ము కంటి మీద పొరలా పేరుకుంటాయి. మూత ఎండకు పసుపుబారుతుంది. దాంతో దీపం రోజురోజుకూ ముందే వెలగడం, పొద్దున ఆలస్యంగా ఆరడం మొదలవుతుంది. కరెంటు ఆపి తడిబట్టతో తుడిచి, ఆరాక రెండు మూడు సాయంత్రాలు గమనించండి. అప్పటికీ మారకపోతే కొత్తది కొనండి.