ట్వీడ్ కోర్టు: ముడుపుల మీద లేచిన పాలరాతి స్తంభాలు

న్యూయార్క్ సిటీ హాల్ వెనక, చేంబర్స్ వీధిలో ఉన్న పాత కౌంటీ (జిల్లా లాంటి పాలనా విభాగం) కోర్టును, అంటే జనం ట్వీడ్ కోర్టు అని పిలిచే భవనాన్ని, కూల్చేయాలని 1970ల్లో నగర పాలకులు గట్టిగానే అనుకున్నారు. అంత తేలిగ్గా ఆ మాట అనగలిగారంటే, ఆ భవనానికి నూరేళ్లుగా ఉన్న చెడ్డపేరే కారణం.

అమెరికాలో ప్రభుత్వ భవనాలకు రోమన్ గుడి రూపం తొడిగినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది థామస్ జెఫర్సన్‌ని. ఫ్రాన్స్‌లోని నీమ్ పట్టణంలో ఉన్న రోమన్ గుడి నమూనాతో ఆయన 1780ల్లో వర్జీనియా శాసనసభ భవనానికి రూపకల్పన చేశాడు. రాజును వదిలించుకున్న దేశానికి పాత రోమ్ రిపబ్లిక్ పోలిక నచ్చింది. కౌంటీ కోర్టులూ అదే బాట పట్టాయి. న్యూయార్క్‌లో ఈ కోర్టుకు ఆర్కిటెక్ట్ జాన్ కెల్లమ్ గీసిన ప్లాన్‌లోనూ ఎత్తైన మెట్లు, కొరింథియన్ స్తంభాలు (తలభాగంలో ఆకుల చెక్కడం ఉండేవి), పైన త్రికోణపు ముఖభాగం ఉన్నాయి.

మొదటి అంచనా 2.5 లక్షల డాలర్లు. 1861లో పని మొదలైంది. తర్వాత నగర రాజకీయాలను గుప్పిట్లో పెట్టుకున్న విలియం ట్వీడ్ ముఠా చేయి పడింది. కాంట్రాక్టర్లు బిల్లులు ఉబ్బించి రాయడం, వచ్చిన దాంట్లో ముఠాకు వాటా ఇవ్వడం, ఇదే పద్ధతి. చెక్కపని పెద్దగా లేని భవనంలో ఒక వడ్రంగికి ఒక్క నెల పనికి 3,60,751 డాలర్లు ముట్టాయట! పాలరాయి వచ్చిన క్వారీలోనూ ట్వీడ్‌కు వాటా ఉంది. మొత్తం ఖర్చు కోటి డాలర్లు దాటిందంటారు. 1867లో అలాస్కా మొత్తాన్ని అమెరికా 72 లక్షలకే కొనుక్కుంది.

1871లో న్యూయార్క్ టైమ్స్ ఆ లెక్కలన్నీ బయటపెట్టింది, పని ఆగింది. 1873లో ట్వీడ్ మీద విచారణ ఆ సగం కట్టిన భవనంలోనే జరిగింది. 1878లో అతను జైల్లోనే పోయాడు. భవనం పూర్తయింది 1881లో.

మిగిలిన పని చేసిన ఆర్కిటెక్ట్ లియోపోల్డ్ ఐడ్లిట్జ్ కెల్లమ్ శైలిని పట్టించుకోలేదు. లోపల రంగురంగుల ఇటుకలతో రోమనెస్క్ తోరణాలు (మధ్యయుగ యూరప్ శైలి గుండ్రటి కమానులు) కట్టాడు. పొంతన లేదని అప్పట్లో తిట్టినవాళ్లున్నారు. నా మటుకు నాకు ఈ భవనంలో అన్నిటికన్నా బతికున్న భాగం అదే. తర్వాత ఎవరో ఆ ఇటుకల మీద పెయింట్ పూసేశారు. వీధి వెడల్పు కోసం ముందున్న మెట్లనూ తీసేశారు.

కూల్చివేత ఆగింది. 1984లో నగరం దీన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది. 1999లో మొదలైన మరమ్మతుల్లో పెయింట్ గీకి ఇటుకలు బయటికి తీశారు, మెట్లు మళ్లీ కట్టారు. 2002లో నగర విద్యాశాఖ ప్రధాన కార్యాలయం అందులోకి మారింది.