పన్నెండు కుర్చీలు చాలు: స్టార్టప్ మీటప్‌ల మీద అపోహలు - వాస్తవాలు

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక చిన్న కంపెనీ క్యాంటీన్‌లో ప్రతి నెలా రెండో శనివారం పొద్దున పదిన్నరకి కలుస్తాం. స్టార్టప్ పెట్టినవాళ్లు, పెట్టాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు, పెట్టి మూసేసి మళ్లీ ఉద్యోగంలో చేరినవాళ్లు వస్తారు. ఎక్కువమంది తెలుగువాళ్లే. నాలుగేళ్లుగా నేనూ ఇంకో ఇద్దరు మిత్రులూ దీన్ని నడుపుతున్నాం. "మా ఏరియాలో కూడా ఇలాంటిది పెడదామనుకుంటున్నాం, ఎలా?" అని కేఆర్ పురం నుంచి, వైట్‌ఫీల్డ్ నుంచి అడుగుతుంటారు. వాళ్లతో మాట్లాడితే మళ్లీ మళ్లీ అవే భయాలు బయటపడుతున్నాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అపోహ: జనం ఎంత ఎక్కువ వస్తే అంత సక్సెస్

మా మొదటి ఏడాదిలో ఒక నెల అరవై మంది వచ్చారు. ఫొటోలు చాలా బాగా వచ్చాయి. తర్వాతి నెల వాళ్లలో మళ్లీ కనిపించింది నలుగురే. ఒకాయనకి ఫోన్ చేసి అడిగితే, "ఎవరితోనూ మాట్లాడలేదండీ, విని వెళ్లిపోయాను" అన్నాడు. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది.

లెక్క వేసి చూడండి. రెండు గంటల్లో అరవై మందికి తలా రెండు నిమిషాలు. పన్నెండు మందికైతే తలా పది నిమిషాలు. రెండు నిమిషాల్లో పేరు, కంపెనీ పేరు చెప్పి కూర్చోవాల్సిందే. పది నిమిషాలు దొరికితే రాత్రి నిద్ర పట్టనివ్వని సమస్య ఏదో చెప్పుకోవచ్చు. పన్నెండు మందిలో ఇద్దరిద్దరుగా కూర్చోబెడితే వచ్చే జంటలు 66. ఏడాది తిరిగేసరికి అందరూ అందరితో మాట్లాడేయగలరు. అరవై మందిలో ఆ జంటలు 1,770. అది ఎప్పటికీ జరిగే పని కాదు.

ఈ పది నిమిషాలు ఏం చేస్తాయో ఒక సంగతి చెబుతాను. కదిరి వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు టమోటా మండీల కోసం ఒక యాప్ చేస్తున్నాడు. కోలార్, మదనపల్లె మార్కెట్లలో వేలం అయ్యాక రైతుకి ఇచ్చే చీటీని కాగితం మీద కాకుండా ఫోన్‌లో వేయడం దాని పని. ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు. ఒకే రైతు, ఒకే రేటు, నలభై రెండు క్రేట్లు, రెండు వరసలు. మార్కెట్ యార్డులో సిగ్నల్ పోయి వచ్చినప్పుడల్లా అదే చీటీ రెండుసార్లు పడుతోంది. మూడు వారాలుగా అతను కనిపించిన డూప్లికేట్‌నల్లా చేత్తో తీసేస్తున్నాడు. మండీ యజమాని కోప్పడుతున్నాడు.

పక్క కుర్చీలో ఒక పేమెంట్స్ కంపెనీలో పనిచేసే అమ్మాయి ఉంది. "చీటీకి నంబరు ఎక్కడ వేస్తున్నావు, ఫోన్‌లోనా, సర్వర్‌లోనా?" అని అడిగింది. "సర్వర్‌లో అక్కా." "అదే తమ్ముడూ ప్రాబ్లం. ఫోన్‌లోనే వేసెయ్. అదే నంబరు మళ్లీ వస్తే సర్వర్ కొత్త వరస వేయకూడదు. మేం పే బటన్ రెండుసార్లు నొక్కితే డబ్బు రెండుసార్లు కట్ అవకుండా చేసేది ఇలాగే." నాప్‌కిన్ మీద రెండు గళ్లు గీసి చూపించింది. పావుగంట పట్టలేదు.

ఆమె అతనికి ఫ్రెండ్ కాదు, కొలీగ్ కాదు, అప్పటికి పేరు కూడా తెలియదు. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో అచ్చైన పరిశోధనలో చూపించింది ఇదే. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని ఆయన బోస్టన్ శివార్లలో అడిగి చూశాడు. ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 17 శాతం లోపే ఉన్నారు. అప్పుడప్పుడు మాత్రమే కలిసేవాళ్లు 55 శాతం పైన. మన దగ్గరివాళ్లకి తెలిసింది చాలావరకు మనకీ తెలిసే ఉంటుంది. కొత్త కబురు కొంచెం దూరపు మనిషి దగ్గర ఉంటుంది. ఆ దూరపు మనిషి పక్క కుర్చీలో కూర్చునేలా చూడటమే మీటప్ నడిపేవాళ్ల పని.

నేను హాజరు లెక్కపెట్టడం మానేశాను. రెండోసారి ఎవరు వచ్చారన్నది మాత్రం ప్రతి నెలా రాసుకుంటాను.

అపోహ: పెద్ద స్పీకరో ఇన్వెస్టరో లేకపోతే ఎవరూ రారు

ఒకసారి ఒక ఫండ్ నుంచి ఒకాయన్ని పిలిచాం. ఆయన మంచిగానే మాట్లాడాడు. కానీ ఆయన మాట్లాడటం ఆపగానే గదిలో ఉన్నవాళ్లంతా ఆయన చుట్టూ క్యూ కట్టారు. పక్కనున్న మనిషి వైపు ఎవరూ చూడలేదు. ఆయన వెళ్లిన ఐదు నిమిషాలకి గది ఖాళీ. ఆ తర్వాత రెండు నెలలు "ఈసారి ఎవరొస్తున్నారు?" అన్న ప్రశ్నలే. ఆ అలవాటు మాన్పించడానికి చాలా తంటాలు పడ్డాం.

కాలిఫోర్నియాలోని హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ సంగతి చూడండి. 1975 మార్చి 5న మెన్లో పార్క్‌లో గోర్డన్ ఫ్రెంచ్ ఇంటి గ్యారేజ్‌లో సుమారు 30 మందితో మొదలైంది. ఆ రోజు వచ్చినవాళ్లలో తర్వాత ఆపిల్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ కూడా ఉన్నాడు. అప్పటికి ఆయన ఎవరికీ తెలియదు. తర్వాత ఆపిల్-1 కంప్యూటర్ డిజైన్‌ని ఆ క్లబ్ వాళ్లకే చూపించి, నకళ్లు పంచిపెట్టాడు. క్లబ్ పెరిగి ఆడిటోరియంకి మారాక, మీటింగ్‌లు నడిపే లీ ఫెల్సెన్‌స్టీన్ మీటింగ్‌ని రెండు భాగాలు చేశాడు. మొదట 'మ్యాపింగ్': ఎవరి దగ్గర ఏముందో, ఎవరికి ఏం కావాలో లేచి నిలబడి చెప్పడం. తర్వాత 'రాండమ్ యాక్సెస్': కావలసిన మనిషిని వెతుక్కుని వెళ్లి మాట్లాడుకోవడం.

మేమూ అదే పెట్టాం. మొదటి నలభై నిమిషాలు ప్రతి ఒక్కరూ రెండు వాక్యాలు చెప్పాలి: "నా దగ్గర ఇది ఉంది", "నాకు ఇది కావాలి". తర్వాత ఒకరి డెమో. పనిచేస్తున్న భాగం కాదు, పనిచేయని భాగం చూపించాలి. మిగతా టైమ్ అంతా కాఫీ, మాటలు. స్పీకర్ లేరు.

అపోహ: ముందు స్పాన్సర్ కావాలి

అక్కర్లేదు. ఖాళీగా ఉండే క్యాంటీన్, తలా వంద రూపాయల చందా, పక్క వీధి దర్శిని (నిలబడి తినే చిన్న హోటల్) నుంచి ఇడ్లీ వడ, కాఫీ. ఒక నెల స్పాన్సర్‌ని తీసుకున్నాం, ముప్పావుగంట వాళ్ల ప్రెజెంటేషన్ వినాల్సి వచ్చింది. ఇప్పుడు జాగా ఇచ్చినవాళ్లకి థాంక్స్ చెబుతాం, అంతే.

అపోహ: బెంగళూరులో ఇప్పటికే బోలెడు ఉన్నాయి, ఇంకోటి ఎందుకు?

ఉన్నమాట నిజమే. ఎవరైనా వచ్చి మాట్లాడగలిగే టెక్ సమావేశం బార్‌క్యాంప్ బెంగళూరు 2006లోనే మొదలైంది. పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సు పైకాన్ ఇండియా మొదటిసారి 2009లో ఇక్కడే ఐఐఎస్‌సీలో జరిగింది. కానీ నెల నెలా రావాలంటే మనిషికి దూరం అడ్డొస్తుంది. ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్నవాడు సాయంత్రం ఆరింటికి సిల్క్ బోర్డ్ కూడలి ట్రాఫిక్ దాటి ఇందిరానగర్ వెళ్లాలంటే ఒకసారి వెళ్తాడు, రెండోసారి మానేస్తాడు. 2025 ఆగస్టులో మెట్రో యెల్లో లైన్ మొదలయ్యాక ఆ వైపు నుంచి మా దగ్గరికి ముగ్గురు కొత్తగా వస్తున్నారు. సిల్క్ బోర్డ్ స్టేషన్‌లో దిగి ఆటో పట్టుకుంటే చాలు. ఏరియాకి ఒకటి ఉన్నా ఈ ఊరికి ఎక్కువ కాదు.

అపోహ: ఆడవాళ్లకి ఆసక్తి ఉండదు, అందుకే రారు

మొదట్లో మేం శుక్రవారం రాత్రి ఏడున్నరకి పెట్టేవాళ్లం. గదిలో ఒక్క అమ్మాయి ఉండేది, కొన్నిసార్లు ఆమె కూడా ఉండేది కాదు. మేం కూడా ఈ అపోహనే నమ్మాం. అది మా తప్పు. శనివారం పొద్దుటికి మార్చిన మూడో నెలకి ఐదుగురు వచ్చారు. తొమ్మిదిన్నరకి అయిపోయే మీటింగ్ నుంచి పీజీకి ఒంటరిగా వెళ్లాలంటే ఎవరైనా ఆలోచిస్తారు. చిన్న పిల్లలున్నవాళ్లకైతే ఆ టైమ్ అసలు కుదరదు. ఇప్పుడు ఒకామె నాలుగేళ్ల పాపని తీసుకొస్తుంది. పాప వైట్‌బోర్డు కింది సగం తీసుకుంటుంది, మేం పై సగం వాడుకుంటాం.

శుక్రవారం రాత్రి ఇంకో రకంగానూ తప్పు. మడివాళలో బస్సులు ఎక్కి సగం మంది విజయవాడకో కడపకో వెళ్లిపోతుంటారు. సంక్రాంతి నెలలో, ఉగాది దగ్గర రెండో శనివారం పడితే మీటింగ్‌ని ఒక వారం ముందే పెట్టుకోండి.

అపోహ: తెలుగులో నడిపితే అది కుల సంఘంలానో ప్రాంత సంఘంలానో అయిపోతుంది

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అలా అయ్యే ప్రమాదం ఉంది. ఊరు, కాలేజీ, ఇంటిపేరు అడిగే పలకరింపులు మొదలైతే కొత్తవాళ్లు వెనక్కి తగ్గుతారు. మా దగ్గర ఒకే నియమం: పరిచయంలో చేస్తున్న పని చెప్పాలి, ఊరు చెప్పక్కర్లేదు.

కానీ భాషని వదులుకోకండి. ఆ టమోటా కుర్రాడు అంతకుముందు రెండు పెద్ద ఈవెంట్లకి వెళ్లి నోరు తెరవకుండా తిరిగొచ్చాడు. అతనికి తెలియనిది సాఫ్ట్‌వేర్ కాదు, ఇంగ్లిష్‌లో గబగబా పిచ్ చెప్పడం. "చీటీ రెండుసార్లు పడతాంది" అని తన మాటల్లో చెప్పగలిగాడు కాబట్టే జవాబు దొరికింది. తెలుగు రాని మనిషి ఒక్కరు కూర్చున్నా మేం అందరికీ అర్థమయ్యే భాషలోకి మారిపోతాం. ఇంకో సంగతి: ఇక్కడ వ్యాపారం చేయాలంటే కన్నడ కావాలి. మా దగ్గరికి వచ్చే ఒక కన్నడ మిత్రుడు ఆ కుర్రాడి యాప్‌లో కన్నడ మాటలన్నీ సరిచేశాడు. కోలార్ మండీవాళ్లు వాడటం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

అపోహ: వాట్సాప్ గ్రూప్ ఉంటే కమ్యూనిటీ ఉన్నట్టే

వాట్సాప్ గ్రూప్‌లో 1,024 మంది పడతారు. మా పాత గ్రూప్‌లో మూడు వందల మంది ఉండేవాళ్లు, పండగ శుభాకాంక్షలూ ఉద్యోగ ఫార్వర్డులూ తప్ప ఏమీ ఉండేవి కావు. దాన్ని మూసేశాం. ఇప్పుడు మీటింగ్ అయిన మర్నాడు, వచ్చినవాళ్లకి మాత్రమే ఒక మెసేజ్ వెళ్తుంది: ఎవరు ఏం అడిగారు, ఎవరు ఏం చేస్తానన్నారు. తర్వాతి నెల అదే చదివి మొదలుపెడతాం. అది చదివేటప్పుడు "ఆ, చేశాను" అనే గొంతు వినిపిస్తే నాకు చాలా సంతోషం.

అపోహ: గట్టిగా నిలబడే నాయకుడు ఒకడుంటే చాలు

అమెరికాలో బౌల్డర్ అనే చిన్న ఊళ్లో స్టార్టప్ కమ్యూనిటీ ఎలా పెరిగిందో రాసిన బ్రాడ్ ఫెల్డ్, ఇలాంటి పనికి కనీసం ఇరవై ఏళ్ల చూపు ఉండాలంటాడు. ఇరవై ఏళ్లు ఒక్కడే నడపలేడు. పెళ్లిళ్లు, పిల్లలు, అమెరికా ప్రయాణాలు, ఊళ్లో అమ్మానాన్నల ఆరోగ్యం ఉంటాయి. నాకు ఒంట్లో బాగాలేక ఒక నెల మీటింగ్ ఆగిపోయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. నలుగురు వచ్చి, మూసిన గేటు చూసి తిరిగి వెళ్లారు.

ఇప్పుడు ఏడాదికొకరం బాధ్యత మార్చుకుంటున్నాం. వచ్చే ఏప్రిల్ నుంచి ఆ పేమెంట్స్ అమ్మాయి చూసుకుంటుంది. ఇచ్చేది ఒక అట్టపెట్టె: స్పైక్ బస్టర్, హెచ్‌డీఎంఐ కేబుల్, మూడు మార్కర్లు, పేర్ల స్టిక్కర్లు, నోట్‌బుక్. గేటు తాళానికి సెక్యూరిటీలో ఎవరిని అడగాలో, క్యాంటీన్‌లో ఏ స్విచ్‌బోర్డు పనిచేయదో మూత లోపలి వైపు రాసిపెట్టాను.