పాత ఇనుప యార్డులో ఇల్లు కట్టాలంటే

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఊళ్లు పెరుగుతున్నాయి కదా, ఒకప్పుడు ఊరి బయట ఉన్న పాత ఇనుప సామాన్ల యార్డులు ఇప్పుడు ఇళ్ల మధ్యకి వచ్చేశాయి. యజమాని సరుకంతా లారీలకెత్తి, స్థలాన్ని ప్లాట్లు చేసి అమ్ముతాడు. జేసీబీ వచ్చి ఒక్క పూటలో చదును చేసి పోతుంది. చూడటానికి శుభ్రంగానే ఉంటుంది, కానీ నన్నడిగితే ఆ స్థలానికి అంతకంటే చెరుపు ఇంకోటి లేదు.

యార్డులో విషం స్థలమంతా ఒకేలా ఉండదు. బ్యాటరీలు పగలగొట్టిన మూల, రాగి కోసం వైర్లు కాల్చిన చోటు, ఇంజన్ ఆయిలు వంపేసిన చోటు, వాననీళ్లు బయటికి పోయే దారి, వీటిలోనే ఎక్కువగా పోగై ఉంటుంది. పైగా పాత బ్యాటరీల నుంచి వచ్చే సీసం మట్టి రేణువులను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి చాలావరకు పై జానెడు మట్టిలోనే ఆగిపోతుంది. అంటే కొలవకముందు చదును చేస్తే, నాలుగు చోట్ల గోకి తీసేస్తే పోయే దాన్ని మనమే డబ్బిచ్చి ఎకరమంతా పరిపించుకున్నట్టు. మట్టి పరీక్షకి ఇచ్చేటప్పుడు కూడా అన్ని మూలల మట్టీ ఒకే సంచిలో కలిపి ఇస్తే అంతే, సగటులో అసలు చోటు మాయమైపోతుంది. ఏ చోటి మట్టి ఆ చోటిదిగా, పైపొర వేరు, అడుగు లోతుది వేరు తీయించాలి.

జనం ఎర్రటి తుప్పుని చూసి భయపడతారు. పాపం తుప్పు చేసేది మంచే, అది కొంత సీసాన్ని తనకి అంటించుకుని కదలకుండా ఆపుతుంది. భయపడాల్సింది కంటికి కనపడని బ్యాటరీ పొడికి. వాహనాల్లో వాడే సీసం బ్యాటరీ బరువులో సుమారు 60 శాతం సీసమే. దానిలోని ఆమ్లాన్ని నేలమీద పారబోస్తే మట్టి పులిసి, పట్టుబడి ఉన్న సీసం కరిగి కిందికి దిగడం మొదలెడుతుంది. ఇక్కడి ఎర్రనేలల్లో చాలావాటికి ముందునుంచే ఆమ్లగుణం ఉంది, ఆపైన వానలు, కాబట్టి పక్కింటి బావి నీళ్లు కూడా పరీక్ష చేయించడం మంచిది.

సీసానికి ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పదగ్గ మోతాదే లేదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నోట్లోకి పోయిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేదానికి నాలుగైదు రెట్లు చిన్నపిల్లలకి పడుతుంది, వాళ్లేమో మట్టిలో ఆడి ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. సెనెగల్‌లోని థియారోయ్‌లో పాత బ్యాటరీల సీసం కలిసిన మట్టిని ఇళ్ల దగ్గర జల్లించి అమ్ముకున్నారు, 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపు 18 మంది పిల్లలు చనిపోయారు. అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ల దగ్గరి మట్టిలో ఆరా తీయాల్సిన సీసం స్థాయిని 2024 జనవరిలో కిలోకి 400 మిల్లీగ్రాముల నుంచి 200కి దించింది.

ఇక బాగుచేయడం. ఆయిలుకి ఒక దారి ఉంది: మట్టిని దున్ని గాలి తగలనిచ్చి, తడి ఆరకుండా చూసి, కాస్త నత్రజని, భాస్వరం అందిస్తే బ్యాక్టీరియా నెలల్లో దాన్ని చాలావరకు తినేస్తుంది. సీసం మూలకం, దాన్ని తినేది ఏదీ లేదు. తీసి ఇంకోచోటికి పంపాలి, లేదా ఉన్నచోటే బంధించాలి.

ఆవాల మొక్కలు వేస్తే సీసాన్ని లాగేస్తాయి అని ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. లాగుతాయి, నిజమే. కానీ లెక్క వేయండి. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 900 టన్నులు, కిలోకి 1,000 మిల్లీగ్రాముల సీసం ఉందంటే మొత్తం 900 కిలోలు. ఎకరానికి 4 టన్నుల ఎండు మొక్క వచ్చి, అందులో కిలోకి 100 మిల్లీగ్రాములు చేరిందని ఉదారంగా అనుకున్నా, ఒక పంటకి పోయేది 400 గ్రాములు. సగం సీసం పోవాలన్నా వెయ్యికి పైగా పంటలు కావాలి! పైగా కోసిన మొక్క పశువుల నోటికి అందకుండా చూడాలి.

పనికొచ్చే పద్ధతి ఇంత ఆకర్షణీయంగా ఉండదు. బాగా చెడిన చోటి మట్టిని, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతూ తవ్వి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. మిగతా చోట సున్నం వేసి ఆమ్లగుణం తగ్గించాలి. ఫాస్ఫేటు కలిపితే సీసం దాదాపు కరగని ఖనిజంగా మారుతుంది, అయితే మట్టిలో ఆర్సెనిక్ అనే ఇంకో విషం కూడా ఉంటే అదే ఫాస్ఫేటు దాన్ని వదులు చేస్తుంది, అందుకే అంతకంటే ముందే పరీక్ష. ఆ తర్వాత రంగు గుడ్డ లాంటి పొర పరిచి, పైన కనీసం అడుగు మందాన మంచి మట్టి పోసి గడ్డి పెంచాలి, లేదా కాంక్రీటు వేయాలి.

ఖర్చు ఎవరిది అంటే, కలుషిత స్థలాల మీద 2025 జులైలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం పాడుచేసినవాడిదే. చిన్న యార్డుల విషయంలో వాడిని పట్టుకోవడం వేరే కథ, అందుకని కొనేముందే పరీక్ష కాగితం అడగండి. ఆ రంగు పొర ఎంత లోతున ఉందో దస్తావేజులో రాయించండి, రేపు సెప్టిక్ ట్యాంకుకి గొయ్యి తీసేవాళ్లకి ఎక్కడ ఆగాలో తెలియాలి కదా.