మందు ముందొచ్చింది, కారణం తర్వాత వెతికారు

ఇంట్లో ఒకరికి స్కిజోఫ్రేనియా అనో బైపోలార్ అనో మొదటిసారి తెలిసినప్పుడు డాక్టర్ దగ్గర ఎక్కువగా వినపడే మాట "మెదడులో కెమికల్ ఇంబాలెన్స్" అని. అప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరు అడుగుతారు, మరి ఆ కెమికల్ ఎంతుందో చూడ్డానికి రక్త పరీక్ష ఏదైనా ఉందా అండీ అని. లేదు. షుగర్‌కి, థైరాయిడ్‌కి ఉన్నట్టు ఒక నంబర్ చూపించే టెస్ట్ ఈ జబ్బులకి ఇప్పటికీ లేదు. అడిగినవాళ్ళది అమాయకత్వం అనుకోకండి, ఈ సబ్జెక్ట్ మొత్తంలో అడగాల్సిన అసలు ప్రశ్న అదే. జవాబు కావాలంటే ఈ మందులు ఎలా పుట్టాయో చూడాలి, ఎందుకంటే ఇక్కడ వరస తిరగబడింది. మామూలుగా జబ్బుకి కారణం కనుక్కుని దానికి మందు తయారుచేస్తారు అనుకుంటాం కదా, ఇక్కడ మందు అనుకోకుండా దొరికింది, పనిచేసింది, అది మెదడులో ఏం చేస్తుందో తర్వాత చూసి, అయితే జబ్బు కూడా అక్కడే ఉండుంటుంది అని వెనక్కి ఊహించుకుంటూ వెళ్ళారు.

బైపోలార్‌కి ఇచ్చే లిథియం సంగతి చూడండి. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే సైకియాట్రిస్ట్, మేనియా (బైపోలార్‌లో మనిషి అదుపు తప్పిన హుషారులో ఉండే దశ) ఉన్నవాళ్ళ ఒంట్లో ఏదో విషం ఉంటుంది, అది మూత్రంలో బయటికొస్తుంది అని నమ్మారు. వాళ్ళ మూత్రం తీసి గినీ పందులకి ఎక్కించి చూశారు, అందులో యూరిక్ యాసిడ్ పాత్ర ఏంటో తేల్చాలనుకున్నారు, కానీ అది నీళ్ళల్లో సరిగ్గా కరగదు, కరిగే రూపం కోసం లిథియం కలిపిన ఉప్పు వాడారు. ఆ జంతువులు ఉన్నట్టుండి నెమ్మదించాయి. అవి నెమ్మదించింది లిథియం మోతాదు ఎక్కువై నీరసించడం వల్ల అయ్యుండొచ్చని తర్వాత చాలామంది అన్నారు. ఏదేమైనా ఆయన ముందు తనే లిథియం మింగి చూసుకుని, తర్వాత మేనియా ఉన్న 10 మందికి ఇచ్చారు, ఏళ్ళ తరబడి అదుపులో లేనివాళ్ళు కూడా కుదుటపడ్డారు. అంటే మొదలుపెట్టిన థియరీ తప్పు, దొరికిన మందు మాత్రం నిజం. అదే ఏడాది అమెరికాలో ఉప్పుకి బదులుగా లిథియం క్లోరైడ్ వాడి కొంతమంది చనిపోయారు, దాంతో అక్కడ దాని పేరెత్తితేనే భయపడే పరిస్థితి వచ్చింది. డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ పట్టు వదలకుండా ట్రయల్స్ చేస్తూ వచ్చారు, ఆయన సొంత తమ్ముడికే మళ్ళీ మళ్ళీ డిప్రెషన్ వచ్చేది, ఆ పట్టుదల వెనక అదీ ఉంది. అమెరికాలో అనుమతి రావడానికి 1970 దాకా పట్టింది, అంటే 21 ఏళ్ళు.

స్కిజోఫ్రేనియా మందు పుట్టింది ఆపరేషన్ థియేటర్ దగ్గర. ఫ్రాన్స్‌లో రోన్-పులాంక్ కంపెనీ అలర్జీ మందుల కుటుంబంలో వెతుకుతూ క్లోర్‌ప్రోమజీన్ తయారుచేసింది, నేవీ సర్జన్ ఆన్రీ లబొరీ దాన్ని మత్తుకి తోడుగా వాడి చూస్తే, పేషెంట్లు మెలకువగానే ఉన్నారు గానీ చుట్టూ జరిగేది పట్టనట్టు ప్రశాంతంగా ఉన్నారు. ఇది మానసిక రోగులకి పనికొస్తుందేమో చూడండి అని తోటి డాక్టర్ల వెంటపడింది ఆయనే. 1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ హాస్పిటల్లో జాన్ డిలే, పియర్ డెనికర్ ఇచ్చి చూశారు, చెవిలో మాటలు వినపడటం, ఎవరో వెంటాడుతున్నారన్న భయం, ఆ కలవరం తగ్గుతూ వచ్చాయి. అప్పటిదాకా ఉన్న వైద్యం ఏంటో గుర్తుచేసుకుంటే దీని విలువ తెలుస్తుంది, ఇన్సులిన్ ఇచ్చి కోమాలోకి పంపడం, మెదడు ముందు భాగంలో నరాలు కోసెయ్యడం. ఆ కోతకి 1949లో నోబెల్ కూడా ఇచ్చారు.

దాదాపు అదే టైమ్‌లో సర్పగంధ మొక్క నుంచి తీసిన రెసర్పిన్ కూడా వచ్చింది. ఈ మొక్క వేరు మతి చలించినవాళ్ళకి, బీపీకి పనిచేస్తుందని 1931లోనే గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ కలకత్తాలో రాశారు, పశ్చిమ దేశాలు పట్టించుకోవడానికి మాత్రం ఇంకో 20 ఏళ్ళు పట్టింది. రెసర్పిన్ మందుగా ఎక్కువకాలం నిలవలేదు. కానీ మెదడు కెమిస్ట్రీని తెరిచిన తాళంచెవి అదే.

ఎలాగంటే, 1955లో అమెరికాలో బెర్నార్డ్ బ్రోడీ ల్యాబ్‌లో రెసర్పిన్ ఇస్తే మెదడులో నరాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం ఖాళీ అయిపోతోందని చూశారు. అక్కడ కొన్నాళ్ళు పనిచేసి స్వీడన్ తిరిగెళ్ళిన అర్విడ్ కార్ల్‌సన్, సెరటోనిన్ ఒక్కటేనా అని అనుమానపడ్డారు. కుందేళ్ళకి రెసర్పిన్ ఇచ్చారు, అవి చెవులు వాల్చేసి కదలకుండా పడిపోయాయి. అప్పుడు డోపమైన్, నోరాడ్రినలిన్ అనే ఇంకో రెండు మెదడు రసాయనాలకి ముడిసరుకైన ఎల్-డోపా ఇచ్చారు, కాసేపటికే లేచి మామూలుగా తిరగడం మొదలుపెట్టాయి. తీరా మెదడులో చూస్తే నోరాడ్రినలిన్ తిరిగి రాలేదు, వచ్చింది డోపమైన్. అప్పటిదాకా డోపమైన్ అంటే నోరాడ్రినలిన్ తయారయ్యే దారిలో మధ్యలో వచ్చే సరుకు అంతే, దానికంటూ సొంత పని ఉందని ఎవరూ అనుకోలేదు. 1957, 1958ల్లో ఇవి అచ్చయ్యాయి, పెద్ద పెద్ద ఫార్మకాలజిస్టులు చాలామంది నమ్మలేదు. 1960లో ఓలే హార్నికివిచ్ పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ళ మెదళ్ళు కొలిచి డోపమైన్ బాగా తగ్గిపోయి ఉందని చూపించాక గానీ నోళ్ళు మూతపడలేదు.

తర్వాత 1963లో కార్ల్‌సన్, మార్గిట్ లిండ్‌క్విస్ట్ కలిసి ఎలుకలకి క్లోర్‌ప్రోమజీన్, అలాంటిదే ఇంకో మందు హలోపెరిడాల్ ఇచ్చి చూస్తే, డోపమైన్ విరిగాక మిగిలే పదార్థాలు పెరిగాయి. ఈ మందులు అవతలి నరం మీద సందేశం అందుకునే చోటుని, అంటే రిసెప్టర్‌ని మూసేస్తున్నాయేమో, సందేశం అందట్లేదని ఇవతలి నరం ఇంకా ఎక్కువ వదులుతోందేమో అని ఊహించారు. ఊహ సరైనదే. 1970ల మధ్యలో టొరంటోలో ఫిలిప్ సీమన్, బాల్టిమోర్‌లో సాలమన్ స్నైడర్ వేరువేరుగా రిసెప్టర్ కొలతలు తీశారు, ఏ మందు ఆ రిసెప్టర్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో దాని మోతాదు అంత తక్కువ సరిపోతోంది, వరసగా గీతలా వచ్చింది. దాన్నే ఇప్పుడు డీ2 అంటున్నారు. ఇక అందరూ స్కిజోఫ్రేనియా అంటే డోపమైన్ ఎక్కువవడం అనేశారు.

నాకు ఇబ్బంది అనిపించేది ఇక్కడే. ఆ గీత చెప్పింది మందు ఎక్కడ పనిచేస్తుందో, జబ్బు ఎక్కడ మొదలైందో అది చెప్పలేదు. కొత్త మందులు వెతికేవాళ్ళు కూడా జంతువుల్లో డోపమైన్‌ని అడ్డుకునేవాటినే ఏరుకున్నారు, కాబట్టి దొరికినవన్నీ ఆ ఒక్క తలుపు దగ్గరే దొరికాయి. మాటలు వినపడటం తగ్గించాయి, నిజమే, చాలామంది ప్రాణాలు నిలబెట్టాయి కూడా. కానీ ఏ పని మీదా మనసు లేకపోవడం, మాట తగ్గిపోవడం, ఆలోచన మందగించడం, వీటిని పెద్దగా కదిలించలేదు, మనిషిని తిరిగి ఉద్యోగంలోకి, స్నేహాల్లోకి రానివ్వనివి ఇవే. పైగా ఏళ్ళ తరబడి వాడితే నోరు, నాలుక వాటంతటవే ఆడుతుండే టార్డివ్ డిస్కినీసియా కొందరికి వచ్చింది. దానికి 2017లో అనుమతి వచ్చిన వాల్‌బెనజీన్ పనిచేసే చోటు ఒకప్పుడు రెసర్పిన్ పనిచేసిన చోటే, నరంలో డోపమైన్‌ని నింపే పంపు.

ఆ తలుపు సిద్ధాంతానికి గట్టి దెబ్బ క్లోజపిన్ అనే స్కిజోఫ్రేనియా మందు. అది డీ2ని వదులుగా పట్టుకుంటుంది, అయినా మిగతా మందులకి లొంగనివాళ్ళలో పనిచేస్తుంది. 1975లో ఫిన్లాండ్‌లో తెల్ల రక్తకణాలు పడిపోయి 8 మంది చనిపోయారు, చాలా దేశాలు వెనక్కి తగ్గాయి. 1988లో మందులకి లొంగని 268 మందిలో చూస్తే క్లోజపిన్‌తో 30 శాతం మంది మెరుగయ్యారు, క్లోర్‌ప్రోమజీన్‌తో 4 శాతం. మరుసటేడు అమెరికాలో అనుమతి ఇచ్చారు, రక్త పరీక్షల షరతుతో. అది ఎందుకు మెరుగ్గా పనిచేస్తుందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

డిప్రెషన్ మందులదీ ఇదే కథ. 1950ల మొదట్లో టీబీ పేషెంట్లకి ఇచ్చిన ఇప్రోనియాజిడ్‌తో వాళ్ళ మనసు తేలికపడింది. స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ ఇమిప్రమిన్‌ని మొదట స్కిజోఫ్రేనియాకి వాడి చూశారు, లాభం లేదు, డిప్రెషన్ ఉన్నవాళ్ళకి ఇస్తే కోలుకున్నారు. 1957లో జ్యూరిక్ సభలో ఆయన ఈ సంగతి చెప్తుంటే వినడానికి డజను మంది ఉన్నారు. తర్వాత జూలియస్ ఆక్సెల్‌రాడ్, నరం వదిలిన నోరాడ్రినలిన్‌ని మళ్ళీ వెనక్కి లాక్కుంటుందని, ఇలాంటి మందులు ఆ లాగడాన్ని ఆపుతాయని చూపించి నోబెల్ తీసుకున్నారు. దాన్నిబట్టి డిప్రెషన్ అంటే నోరాడ్రినలిన్ తక్కువవడం అని 1965లో ఒక సిద్ధాంతం, తర్వాత సెరటోనిన్ తక్కువవడం అని ఇంకోటి. 1987 చివర్లో సెరటోనిన్ మీద పనిచేసే ఫ్లుయోక్సెటిన్ వచ్చాక ప్రకటనలు ఆ ఊహనే తేలిన నిజంలా ఇంటింటికీ చేర్చాయి. పార్కిన్సన్స్‌లో కొలిచి చూపించినట్టు డిప్రెషన్‌లో సెరటోనిన్ లోటుని ఎవరూ చూపించలేకపోయారు, 2022లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష కూడా అదే అంది. అది చదివి అయితే మందులన్నీ మోసం అని కొందరు అనేశారు. అలా అనొద్దు. సెరటోనిన్ లోటు సిద్ధాంతం నిలబడకపోతే పోయేది ఆ సిద్ధాంతమే, మందు వల్ల కోలుకున్న మనిషి అబద్ధమైపోడు. టాబ్లెట్లు సొంతంగా ఒక్కసారిగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు, లిథియం లాంటిది ఆపితే మేనియా ఇంకా జోరుగా రావచ్చు, డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా తగ్గించుకోవాల్సిన విషయం అది.

ఈ శతాబ్దంలో దారులు కొంచెం మారాయి. ఆపరేషన్లలో మత్తుకి వాడే కెటమిన్ గంటల్లో డిప్రెషన్ తగ్గిస్తోందని 2000లో మొదటి చిన్న ట్రయల్ చెప్పింది, అది గ్లుటమేట్ అనే ఇంకో మెదడు రసాయనం దారిలో పనిచేస్తుంది, దాని చుట్టం ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రేకి 2019లో అనుమతి వచ్చింది. స్కిజోఫ్రేనియాకి అదే గ్లుటమేట్ మీద పెట్టుకున్న ఆశలు ఫలించలేదు, లిల్లీ, రోష్ కంపెనీల మందులు పెద్ద ట్రయల్స్‌లో ఓడిపోయాయి. 2024 సెప్టెంబర్‌లో మాత్రం అమెరికాలో కోబెన్‌ఫీకి అనుమతి దొరికింది, డోపమైన్ రిసెప్టర్‌ని ముట్టుకోకుండా ఎసిటైల్‌కోలిన్ అనే మరో మెదడు రసాయనం వైపు నుంచి, దాన్ని అందుకునే మస్కరినిక్ రిసెప్టర్ల ద్వారా పనిచేసే మొదటి మందు. ఇదీ అనుకోకుండా దొరికిందే. అందులోని జానోమెలిన్‌ని 1990ల్లో అల్జీమర్స్‌కి ప్రయత్నించారు, భ్రమలు, అనుమానాలు తగ్గాయి గానీ వాంతులు, కడుపు బాధ భరించలేక పక్కన పెట్టేశారు. మెదడులోకి అంతగా వెళ్ళని ట్రోస్పియంని జోడించి ఆ బాధని తగ్గించి మళ్ళీ తెచ్చారు. అనుమతికి ఆధారమైన ట్రయల్స్ 5 వారాలవి. రెండు నెలలకే, అదే దారిలో వస్తున్న ఎమ్రాక్లిడిన్ ట్రయల్‌లో ఓడిపోయింది.

ఇప్పుడు మళ్ళీ ఆ రక్త పరీక్ష దగ్గరికి. పెట్ స్కాన్‌లతో చూస్తే స్కిజోఫ్రేనియా ఉన్న చాలామందిలో డోపమైన్ తయారీ ఎక్కువగా కనిపిస్తోంది, కొందరిలో కనిపించట్లేదు, ఆ స్కాన్ చూసి ఒక మనిషికి ఏ మందు పడుతుందో చెప్పే స్థితి ఇంకా రాలేదు. ఒక మందు మొదలుపెట్టడం, కొన్ని వారాలు ఆగడం, పడకపోతే మార్చడం, ఇప్పటికీ అంతే. రక్తం మాత్రం తీస్తూనే ఉంటారు, లిథియం వాడేవాళ్ళలో ఆ లిథియం ఎంతుందో, క్లోజపిన్ వాడేవాళ్ళలో తెల్లకణాలు ఎన్నున్నాయో, ఒలాంజపిన్ లాంటి స్కిజోఫ్రేనియా మందులు వాడేవాళ్ళలో షుగర్, కొలెస్ట్రాల్ పెరిగాయో లేదో చూడ్డానికి. ఆ నంబర్లన్నీ మందు మీద కాపలాకి. జబ్బుకంటూ ఒక నంబర్ ఇంకా ఎవరి దగ్గరా లేదు.