చుట్టిల్లు నుంచి డాబాకు, డాబా నుంచి మళ్లీ పెంకుకు

శ్రీకాకుళం చుట్టుపక్కల కొత్త ఇల్లు మొదలుపెట్టేవాళ్ల నోట ఈమధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది: "ముందువైపు పెంకుటిల్లులా ఉండాలి." శ్లాబు మామూలుగానే పోస్తారు. దాని ముందు చిన్న కాంక్రీటు చూరు ఏటవాలుగా దింపి, పైన ఎర్ర పెంకులు అతికిస్తారు. గుమ్మానికి అటూ ఇటూ రెండు గుండ్రటి స్తంభాలు. చూడ్డానికి బాగుంటుంది. మధ్యాహ్నం లోపలికి వెళ్తే మాత్రం ఏ డాబాలో అయినా ఉండే ఉక్కే. పాత ఇంటి రూపం వచ్చింది కానీ అది చేసే పని రాలేదు.

ఆ పని ఏమిటో చుట్టిల్లును చూస్తే తెలుస్తుంది. ఉత్తరాంధ్ర తీరానికి అదే సొంత ఇల్లు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద గొడుగు విప్పినట్టు తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి దిగేదంటే నడుం వంచకుండా గుమ్మం దాటలేం. పేదరికం వల్ల అలా కట్టారనుకుంటే పొరపాటు. తుఫాను గాలి మూలల దగ్గర, కప్పు అంచుల దగ్గర ఎక్కువ లాగుతుంది. గుండ్రటి గోడకు మూలే లేదు, గాలి రెండు పక్కల నుంచీ జారిపోతుంది. కప్పు బాగా ఏటవాలుగా ఉండటం వల్ల వాననీరు నిలవదు. కిందికి దిగిన చూరు మట్టిగోడను తడవనివ్వదు, ఎండ తగలనివ్వదు. లోపల కర్రలు పరిచి మట్టి మెత్తిన అటక ఉండేది. సామాన్లు దాచుకోవడానికీ అదే, పైన తాటాకు అంటుకుంటే నిప్పు వెంటనే కిందికి రాకుండా ఆపేదీ అదే. గోడకు ఊరి మన్ను, కప్పుకు గట్టు మీది తాటాకు. డబ్బు పెట్టి కొనాల్సింది చాలా తక్కువ.

పల్లెల్లో మరో రకం, వీధికి రెండు వైపులా గోడకు గోడ ఆనుకుని సాగే వరస ఇళ్లు. ముందు అరుగు, తర్వాత వసారా, నట్టిల్లు, వంటిల్లు, చివర పెరడు. తలుపులన్నీ ఒకే వరసలో ఉండేవి కాబట్టి అన్నీ తీసి పెడితే వీధిలోంచి పెరడు కనిపించేది, గాలి కూడా అదే దారిన సాగేది. పక్కగోడలు ఇరుగుపొరుగు ఇళ్ల మధ్య ఉండిపోవడంతో వాటికి ఎండ సోకేది కాదు. పట్టణాల్లో ఇంటి చుట్టూ ఖాళీ వదలాలన్న నిబంధన వచ్చాక అలాంటి వరసకు కొత్తగా చోటు లేకుండా పోయింది.

మంగుళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. 1890ల్లో తూర్పు తీరం వెంట రైలు దారి పడ్డాక బయటి సరుకు ఇటు రావడం తేలికైంది. ఉన్నవాళ్ల ఇళ్ల మీద తాటాకు పోయి పెంకు వచ్చింది. అయినా ఏటవాలు, చూరు, అరుగు అలాగే ఉన్నాయి. కప్పు మారింది తప్ప ఇంటి తీరు మారలేదు.

తీరు మార్చింది సిమెంటు. చాలాకాలం దాని ధర, పంపిణీ ప్రభుత్వం చేతిలోనే ఉండేవి. 1982లో కొంతమేర, 1989లో పూర్తిగా ఆ కంట్రోల్ ఎత్తేశారు. 1990 నాటికి పక్కనే విశాఖలో ఉక్కు తయారవడం మొదలైంది. ఇక మిగిలింది పని తెలిసిన చేతులు. అవి ఈ జిల్లాలవే. చెన్నైకి, హైదరాబాద్‌కు వలస వెళ్లి అపార్ట్‌మెంట్లు కట్టిన కూలీలు, మేస్త్రీలు ఆ పనితనాన్ని, కూడబెట్టిన డబ్బును ఊరికి తెచ్చారు. 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు. మన ఊళ్లలో డాబా వెనక ఇలాంటి చెమటా, కన్నీళ్లూ ఉన్నాయి. దాన్ని ఫ్యాషన్ పిచ్చి అని తీసిపారేస్తే నాకు బాధగా ఉంటుంది.

పైగా డాబా ప్రాణాలు కాపాడింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు రేకులు ఎగిరిపోయాయి, పూరిళ్లు నేలమట్టమయ్యాయి. జనం తలదాచుకున్నది పక్కవాళ్ల శ్లాబు కిందే. కొన్నేళ్లకోసారి కొత్త ఆకు కప్పించే ఖర్చు, వేసవిలో అగ్గి భయం ఎలాంటివో పూరింట్లో బతికినవాళ్లకు తెలుసు. వాళ్లను మళ్లీ తాటాకు కిందికి వెళ్లమనే హక్కు ఎవరికీ లేదు.

కాబట్టి శ్లాబు ఉండనిద్దాం. దానికి పాత ఇంటి పనితనాన్ని కలపొచ్చు. శ్లాబు మందంలో కింది భాగాన ఉన్న కాంక్రీటు బరువు మోయడంలో చేసే పని తక్కువ, అక్కడ లాగుడును తట్టుకునేది ఇనుమే. అందుకే ఊచల మధ్య కాంక్రీటుకు బదులు పాత పెంకులు పెట్టి పోసే పద్ధతి ఉంది. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ దీన్ని బాగా వాడుకలోకి తెచ్చారు. సిమెంటు తగ్గుతుంది, పెంకుల మధ్య చిక్కిన గాలి వల్ల వేడి కూడా తగ్గుతుంది. ఇటుకలను నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి కట్టే గోడకు దాదాపు పావు వంతు ఇటుక ఆదా. ఇలాంటి పనులకు ముందే ఇంజనీరుతో లెక్క వేయించుకోవాలి. పడమటి గోడకు వెడల్పాటి చూరు, ఎదురెదురుగా తలుపులు కావాలంటే ప్లాను గీసేటప్పుడు అడిగితే చాలు. ఇటు చూస్తే, పాత ఇల్లు విప్పిన రోజునే పెంకులు, టేకు గుమ్మాలు వచ్చిన ధరకు అమ్మేస్తున్నారు. తర్వాత అదే ఇంటి ముందు అతికించడానికి కొత్త పెంకులు కొంటున్నారు.

అరుగు సంగతి వేరు. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి కొంత లేచింది, అరుగు ఆమేరకు కుంగినట్టయింది. మిగిలినది కాలువ కోసం కొట్టేశారు. మా బంధువుల ఊళ్లో కొత్త ఇంటికి ప్లాను గీయిస్తుంటే ఇంటి పెద్దాయన ఒక్కటే అడిగారు: "బాబూ, గేటు బయట కూర్చోడానికి చోటుందా?" అప్పటికి లేదు. గేటును నాలుగడుగులు వెనక్కి జరిపించారు. రోడ్డు మళ్లీ లేస్తుందని లెక్కేసుకుని, మేస్త్రీ ఆ అరుగును రెండున్నర అడుగుల ఎత్తున కట్టాడు.