చక్రం నేలను విడవకుండా: మౌంటెన్ బైక్ సస్పెన్షన్‌ను సరిచేసుకునే తీరు

చంద్రగిరి పరిసరాల్లో మామిడి తోటల మధ్య సాగే మట్టి దారి మీద కాసేపు సైకిలు తొక్కితే నేల ఎన్ని రకాలుగా ఉంటుందో చేతులకూ కాళ్లకూ తెలిసిపోతుంది. చెరువు కట్ట మీద గట్టిపడిన మట్టి, దాని దిగువన ట్రాక్టరు చక్రాలు చేసిన గాడులు, వంక దాటేచోట వరుసగా పరుచుకున్న గుండ్రాళ్లు, ఎక్కుడు మొదలయ్యే చోట బండ మీద పేరుకున్న ఇసుక. వీటన్నిటి మీదా ఒకే సైకిలు నడవాలి. సస్పెన్షన్ ఉన్నది ఒంటికి కుదుపు తగలకుండా ఉండేందుకేనని చాలామంది అనుకుంటారు. కుదుపు తగ్గడం నిజమే కానీ, దాని అసలు పని టైరును నేలకు అంటిపెట్టి ఉంచడం, ఎందుకంటే నేలను వదిలిన టైరుతో మలుపు తిరగలేము, బ్రేకు వేసి ఆగలేము. 1990లో అమెరికాలోని డురాంగోలో జరిగిన తొలి యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) మౌంటెన్ బైక్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో గ్రెగ్ హెర్బోల్డ్ రాక్‌షాక్స్ కంపెనీ సస్పెన్షన్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకుని లోపలికీ బయటికీ కదిలే రెండు కాళ్ల భాగం) అమర్చిన సైకిలు మీద డౌన్‌హిల్ (కొండ దిగుడు) పోటీ గెలిచిన నాటికి ఈ సంగతి పోటీదారులకు అర్థమైంది.

సస్పెన్షన్‌లో రెండు భాగాలు రెండు వేర్వేరు పనులు చేస్తాయి. స్ప్రింగు దెబ్బను దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. నేటి సైకిళ్లలో అది ఎక్కువగా ఇనుప చుట్ట కాదు, గొట్టంలో బంధించిన గాలి. డాంపరు నూనెను సన్నని రంధ్రాల గుండా తోసి, ఆ శక్తిలో కొంత భాగాన్ని వేడిగా మార్చి పారేస్తుంది. డాంపరు లేని సైకిలు రాయి ఎక్కిన ప్రతిసారీ బంతిలా ఎగురుతూనే ఉంటుంది.

మొదట సరిచేయవలసింది స్ప్రింగు. మనిషి ఎక్కి కదలకుండా నిలబడినప్పుడు సస్పెన్షన్ ఎంత లోపలికి దిగుతుందో దాన్ని సాగ్ అంటారు. ముందు చక్రం గుంతలోకి దిగాలంటే ఫోర్కు ఇంకా బయటికి చాచుకునే వీలుండాలి, ఆ వీలు ఇచ్చేది ఈ సాగే. ఎక్కుడు, దిగుడు రెండింటికీ వాడే ట్రెయిల్ సైకిలుకు ముందు దాదాపు 20 శాతం, వెనుక 25 నుంచి 30 శాతం సాగ్ మంచి ఆరంభం. 120 మిల్లీమీటర్లు కదిలే ఫోర్కు అయితే 24 మిల్లీమీటర్లు దిగాలన్నమాట. వెనుక మాత్రం చక్రం కదిలే దూరాన్ని కాక షాక్ (వెనుక చక్రానికి ఉండే సస్పెన్షన్ భాగం) కడ్డీ కదిలే దూరాన్నే లెక్కించాలి; అది 50 మిల్లీమీటర్లయితే 14 దగ్గర ఉండాలి. కొలిచే రోజు హెల్మెట్, బూట్లు, నీళ్ల సంచీతో సహా ఎక్కాలి. మన ఎండల్లో మూడు లీటర్ల నీళ్లు మోస్తాము, అవే మూడు కిలోలు. గాలి నింపాక ఫోర్కును నాలుగైదు సార్లు మెల్లగా నొక్కి వదిలితే లోపలి రెండు అరల్లోనూ గాలి సర్దుకుంటుంది, అప్పుడు మీటరు ముల్లు కాస్త తగ్గుతుంది. పంపు తీసేటప్పుడు వినిపించే చప్పుడు పంపు గొట్టంలోని గాలిదే; ఫోర్కులోని గాలి పోయిందని కంగారుపడనక్కర్లేదు.

రీబౌండ్ దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. నొక్కుకున్న స్ప్రింగు ఎంత వేగంగా తిరిగి చాచుకోవాలో నిర్ణయించేది డాంపరుకు ఉండే, చేత్తో తిప్పే ఈ ఎర్ర నాబు. వంకలోని గుండ్రాళ్లు అర మీటరు ఎడంలో ఉన్నాయనుకుందాం. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళితే సెకనుకు ఎనిమిది రాళ్లు తగులుతాయి. అంటే రాయికీ రాయికీ మధ్య 0.12 సెకన్ల వ్యవధే ఉంటుంది. రీబౌండ్ మరీ నెమ్మదిగా ఉంటే ఆ వ్యవధిలో ఫోర్కు పూర్తిగా చాచుకోలేదు. రెండో రాయి, మూడో రాయి దాన్ని ఇంకా లోపలికి తోస్తాయి, చివరికి కదలడానికి చోటే మిగలక సైకిలు కర్రలా బిగుసుకుపోతుంది. నేను మొదటి ఏడాది ఈ బిగుతును చూసి గాలి ఎక్కువైందని భ్రమపడి, గాలి తీస్తూ పోయాను. ప్రతి వారం మరింత అధ్వానమైంది. నాబును మూడు క్లిక్కులు వదులు చేయగానే చేతులకు నొప్పి తగ్గింది. అయితే మరీ వదులు చేస్తే దిగుడులో వెనుక చక్రం మనిషిని ముందుకు ఎత్తి విసురుతుంది. రీబౌండ్ ప్రధానంగా ఆధారపడేది గాలి పీడనం మీద, అంటే మన బరువు మీద. 90 కిలోల మనిషి సైకిలుకు ఎక్కువ గాలి కావాలి, ఎక్కువ గాలి గట్టిగా తిరిగి తోస్తుంది, అందువల్ల ఆయన నాబు మరింత బిగువుగా ఉండాలి. స్నేహితుడి క్లిక్కుల సంఖ్యను యథాతథంగా తీసుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

సస్పెన్షన్ లోపలికి దిగే వేగాన్ని అదుపు చేసే కంప్రెషన్ నాబును చాలా సైకిళ్లలో పూర్తిగా తెరిచి ఉంచి మొదలుపెట్టవచ్చు. సాగ్ సరిగా ఉండి కూడా చిన్న దూకుళ్లకే ఫోర్కు పూర్తిగా లోపలికి దిగి చివర కొట్టుకుంటుంటే పీడనం పెంచకండి. గాలి అరలో ప్లాస్టిక్ స్పేసరు వేసి అర పరిమాణం తగ్గిస్తే చివరి భాగంలో మాత్రమే గట్టిదనం పెరుగుతుంది. పరీక్షకు మూడు నాలుగు నిమిషాల దారి ఒక్కటే ఎంచుకుని, ఒక్కో పర్యాయం ఒక్క నాబే తిప్పాలి. శేషాచలం రక్షిత అడవి కాబట్టి ఇందుకు ఊరి బయటి దారులే తగినవి.

ఇక తిరుపతి వేసవి. మూసిన అరలో గాలి పీడనం ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది. తెల్లవారుజామున 27 డిగ్రీల వద్ద 80 పీఎస్ఐ (గాలి పీడనం కొలత) పెట్టిన ఫోర్కు, మధ్యాహ్నం 42 డిగ్రీలకు చేరితే సుమారు 85 పీఎస్ఐ అవుతుంది. అదే వేడికి డాంపరులోని నూనె పలుచబడి సులభంగా పారుతుంది. స్ప్రింగు గట్టిపడటం, నూనె పలుచబడటం రెండూ రీబౌండ్‌ను వేగవంతం చేసేవే. అందుకే మే నెలలో ఎండెక్కాక దిగుడుకు వెళ్లేటప్పుడు నేను సైకిలును దారి మొదట్లోనే చెట్టు నీడన కాసేపు ఉంచి, పీడనం మళ్లీ చూసి, రీబౌండ్‌ను ఒక క్లిక్కు బిగిస్తాను.